ముందు అడ్రస్ చెప్పండి

జూన్ 2

ఈరోజు కౌన్సెలింగ్ మొదటి సెషన్ అయింది. యాప్‌లో.

మొదలుపెట్టే ముందు ఫోన్ తెర నిండా షరతులు వచ్చాయి. అందరూ చదవకుండానే కింద "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేస్తారు. నేను చదివాను, ఒక్క ముక్క వదలకుండా. "మీరు చెప్పే విషయాలు ఎవరికీ వెల్లడించము, ప్రాణానికి ముప్పు ఉన్న సందర్భంలో తప్ప." తప్ప అట! ఇన్ని మాటలూ ఆ ఒక్క ముక్క దూర్చడానికే రాసినట్టున్నారు.

ఆఫీసువాళ్ళిచ్చిన కోడ్ కొడితే చాలట, అసలు పేరు పెట్టక్కర్లేదు, ఏ పేరైనా పెట్టుకోవచ్చంది. అప్పటికప్పుడు ఏదీ తట్టక అత్తయ్య పేరు పెట్టాను. తెర మీద ఒక పెద్దావిడ వచ్చింది. ముందు జుట్టు నెరిసింది, గొంతు ఇస్త్రీ చేసినట్టు ఎక్కడా మడత లేకుండా ఉంది. ఆవిడ అత్తయ్య పేరుకి "గారు" చేర్చి పిలుస్తుంటే, నిజంగానే అత్తయ్య పక్కన కూర్చున్నట్టు నడుం నిటారుగా పెట్టుకున్నాను.

మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇప్పుడు మీరు ఎక్కడున్నారండీ? పూర్తి అడ్రస్ చెప్తారా?"

నవ్వొచ్చింది నాకు. అది నా ప్రశ్న! రోజంతా నేను అడిగే ప్రశ్న. అంబులెన్స్ కోసం ఫోన్ చేసినవాళ్ళు "మా నాన్న, మా నాన్న" అని గోల పెడుతుంటే "ముందు అడ్రస్ చెప్పండి" అనేదాన్ని నేను. ఏమైందో తర్వాత చెప్పుకోవచ్చు. లైన్ తెగిపోయినా బండి వెళ్ళాలి కదా. మరి ఈవిడకెందుకు? ఈవిడ దగ్గరేమైనా బండి ఉందా? అడ్రస్ తీసుకుని ఎవరికివ్వడానికి?

ఏదో నోటికొచ్చిన అడ్రస్ చెప్పాను. అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అంటే, ఎప్పుడో వాడటం మానేసిన నా పాత సిమ్ నంబరు చెప్పాను. ఎక్కడా తడబడలేదు. తడబడితే అబద్ధమని పట్టేస్తారు, ట్రైనింగులో మాకూ అదే నేర్పారు.

ఆవిడ నమ్మింది. నమ్మినట్టు మొహం పెట్టింది.

జూన్ 3

నాకేం లేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

జరిగిందల్లా ఒకటే. ఒక కాల్‌లో నేను నోరు తెరవలేదు. లైన్లో ఎవరో పెద్దమనిషి "హలో, తల్లీ, హలో" అంటున్నాడు, నేను వింటున్నాను. పక్క సీట్లోంచి చిలక వంగి నా లైన్ తన వైపు తిప్పుకుంది. (తీయగా మాట్లాడుతుందని హాల్లో అందరూ ఆమెని చిలక అంటారు.) ఆయనకేం కాలేదు, మెట్టు జారి చెయ్యి విరిగింది. దానికింత రాద్ధాంతం! నా గొంతు పట్టేసింది, అంతే. ఆ హాల్లో ఏసీ గాలి నేరుగా నా కుర్చీ మీదికే వస్తుంది.

సూపర్‌వైజర్ సార్ మాత్రం గాజు గదిలోకి పిలిచి, తలుపేసి, మంచినీళ్ళు ఇచ్చి మరీ చెప్పారు.

"పనిష్మెంట్ కాదమ్మా. కౌన్సెలింగ్ పూర్తి చెయ్యి. పనిలోకి రావచ్చని ఆవిడ లెటర్ ఇస్తుంది. నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

"లెటర్ ఇవ్వకపోతే?"

"ఎందుకివ్వదు? నువ్వు బాగానే ఉన్నావుగా."

బాగానే ఉంటే పంపడం ఎందుకో! పెళ్ళికి ముందు నుంచీ ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. ఇప్పుడు వెనక గదిలో పాత కాల్స్ వివరాలు సరిచూసే పని ఇచ్చారు. అక్కడ ఎవరి గొంతూ వినపడదు. నాకు నా కుర్చీ కావాలి. దానికి లెటర్ కావాలి. లెటర్ కోసం ఆవిడకి ఏం కావాలో అది చెప్పి బయటపడతాను.

జూన్ 9

రెండో సెషన్. ఇంట్లో కుదరదు. అత్తయ్యకి కళ్ళు కాస్త మందగించాయి కానీ చెవులు మాత్రం ఇద్దరివి ఉన్నాయి. ట్రైనింగ్ అని చెప్పి సెల్లార్‌లో కారులో కూర్చున్నాను, వెనక సీట్లో, అద్దాలెత్తి.

"కారులో ఉన్నట్టున్నారు. పక్కన ఎవరైనా ఉన్నారా? మాట్లాడటానికి వీలుగా ఉందా?"

పక్కన ఎవరున్నారో నేను అడగాలి ఆవిడని! ఆవిడ వెనక ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క కొంచెం వంగినట్టుంది, టక్ టక్‌మంటోంది. ఎక్కడో తలుపు మూశారు. అన్నిటికంటే ముఖ్యం, టైపింగ్. నేను ఒక్క ముక్క చెప్తే ఆవిడ వేళ్ళు మూడు ముక్కలు కొడుతున్నాయి. నేను చెప్పింది ఒకటైతే మిగతా రెండూ ఎక్కడివి?

అడిగేశాను. "ఏం రాసుకుంటున్నారండీ అంత?"

"నాకు గుర్తుండటానికి. ఆ చప్పుడు మీకు ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేం లేదు. వినపడింది, అంతే."

"సరే, ఇక కాగితం మీద రాసుకుంటాను."

తర్వాత చప్పుడు లేదు. ఇదింకా నయంగా ఉందా? టైపింగైతే ఎప్పుడు రాస్తోందో తెలిసేది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను.

నిద్ర బాగా పడుతోందని చెప్పాను. ఆకలి బాగుందని చెప్పాను. ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నామని చెప్పాను. "ఊఁ" అంది అన్నిటికీ. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

జూన్ 10

మధ్యాహ్నం సెలవు. అత్తయ్య హాల్లో పడుకుని ఉంది. నోరు తెరుచుకుని, కదలకుండా. ఫ్యాను గాలికి చీర కదులుతోందా, ఛాతీ కదులుతోందా తెలియలేదు. దగ్గరికెళ్ళి ముక్కు కింద వేలు పెట్టి చూశాను.

అత్తయ్య కళ్ళు తెరిచింది.

"ఏమే, పోయానేమోనని చూస్తున్నావా?"

"అయ్యో, దోమ వాలింది అత్తయ్యా."

"నిన్నా దోమే అన్నావు. ఈ ఇంట్లో దోమలన్నీ నా ముక్కు మీదే వాలతాయేం?"

నిన్న కూడా చూశానా? ఏమో.

జూన్ 12

ఇంటి ఫోన్ మోగింది. చేతులు ఖాళీగా లేక ఎత్తలేదు.

ఖాళీగానే ఉన్నాయి.

జూన్ 16

మూడో సెషన్. ఈవిడ పద్ధతి ఇప్పుడర్థమవుతోంది. ఏదో అడుగుతుంది, తర్వాత నోరు మూసుకుని కూర్చుంటుంది. మా పనిలో లైన్లో చప్పుడు ఆగిందంటే గుండె ఆగినంత పని. "ఉన్నారా? వినపడుతోందా? నాతో మాట్లాడండి" అంటూనే ఉండాలి. ఈవిడ డబ్బు పుచ్చుకుని మౌనంగా ఉంటుంది. మధ్యలో నెట్‌వర్క్ ఆగిపోయి ఆవిడ మొహం సగం మూసిన కన్నుతో తెర మీద నిలిచిపోయింది. మౌనంగా ఉందో, ఆగిపోయిందో తెలియక నేను చాలాసేపు ఆ కన్ను కేసి చూస్తూ కూర్చున్నాను.

కనెక్షన్ వచ్చాక ఊపిరి వ్యాయామం చేద్దామంది.

"నాతో పాటు లెక్కపెడుతూ పీల్చండి. ఒకటి, రెండు, మూడు..."

"లెక్కపెట్టొద్దు."

"ఏమన్నారండీ?"

"నాతో లెక్కపెట్టించొద్దు!"

ఎంత గట్టిగా అరిచానంటే కారు అద్దాలు మోగాయి. ఆవిడ వెంటనే "సరే, లెక్క వద్దు" అంది. ఎందుకు వద్దో అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు! ఎవరైనా అడుగుతారు కదా? అడక్కపోతే మనమే చెప్తామని ఎత్తు వేసింది. నేనూ ఏళ్ళ తరబడి మనుషుల చేత మాట్లాడించినదాన్నే, నా దగ్గరా?

జూన్ 18

సార్ వరండాలో ఎదురై "ఎలా ఉంది కౌన్సెలింగ్? సెషన్లకి వేళకి వెళ్తున్నావట, గుడ్" అన్నారు.

వెళ్తున్నావట! ఎవరు చెప్పారు? "యాప్‌లో హాజరు కనిపిస్తుందమ్మా" అన్నారు. హాజరు కనిపించే చోట ఇంకేం కనిపిస్తాయో ఎవరికి తెలుసు. వేళకి వెళ్తున్నట్టు తెలిసినవాళ్ళకి అరిచినట్టూ తెలిసే ఉంటుంది.

మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర చిలకని అడిగాను, కౌన్సెలింగ్ కంపెనీవాళ్ళు ఎప్పుడైనా ఆఫీసుకి వస్తారా అని.

"వస్తారేమోనే, నాకేం తెలుసు? ఎందుకూ?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అన్నావంటే ఏదో ఉన్నట్టే" అంది. అంటే ఈమెకీ ఏదో తెలుసు.

జూన్ 23

ఈరోజు ఎర వేశాను.

ఆవిడతో ఒక పచ్చి అబద్ధం చెప్పాను. ఈ ఉద్యోగం మానేసి మా ఆయన కళ్ళద్దాల షాపులో కూర్చుందామనుకుంటున్నాను, వచ్చే నెలే రాజీనామా ఇస్తాను అని. ఈ సంగతి నా నోటి నుంచి ఆవిడ చెవికి తప్ప ఇంకెక్కడా లేదు. ఇక సార్ నోటి నుంచి "షాపు" అన్న మాట వస్తే చాలు, దొరికిపోయినట్టే.

"షాపులో కూర్చుంటే ఏం బాగుంటుందనుకుంటున్నారు?" అంది.

"అక్కడ ఎవరూ ఫోన్ చేసి ఏడవరు కదండీ" అన్నాను.

అబద్ధంలో అంత మాట ఎందుకొచ్చిందో తెలియదు. అబద్ధం అతికినట్టుండాలి కదా, అందుకే వచ్చి ఉంటుంది.

జూన్ 26

సార్ ఏమీ అనలేదు. రెండుసార్లు పనిగట్టుకుని ఎదురెళ్ళాను. రెండోసారి తల నొప్పిగా ఉందా అని అడిగారు.

చాలా తెలివైనవాళ్ళు.

జూన్ 30

వరసగా రాస్తాను.

సెషన్ మామూలుగానే మొదలైంది. ఎక్కడున్నారు అంటే, అదే ఇల్లు, ఇంటి ముందు కారులో అన్నాను. తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఫ్యాను టక్ టక్ వింటున్నాను. ఏం మాయ చేసిందో తెలియదు, నా నోరే మొదలుపెట్టింది. ఆ కాల్ గురించి.

ఏప్రిల్‌లో వచ్చింది. ఒక పెద్దాయన, ఇంట్లో ఆయనా భార్యా ఇద్దరే. ఆమె బాత్రూంలో పడిపోయింది. ఊపిరి లేదన్నాడు. అడ్రస్ తీసుకున్నాను, బండి పంపాను, ఛాతీ మీద ఎలా నొక్కాలో చెప్పాను. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఒకటీ రెండూ మూడూ నాలుగూ. ట్రాఫిక్‌లో బండి ఆలస్యమైంది. ఆయన రొప్పుతున్నాడు. మధ్యలో ఏడవడం మానేశాడు. అప్పుడన్నాడు, "ఆపొచ్చా తల్లీ?" అని.

"ఆపకండి" అన్నాను. అదే రూలు. బండి వచ్చేదాకా ఆపించకూడదు.

మళ్ళీ అడిగాడు. "చల్లబడిపోయిందమ్మా. ఇక ఆపొచ్చా?" ఆపకండి అన్నాను. లెక్కపెట్టాను. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. ఫోన్ చేసేసరికే ఆమె పోయి చాలాసేపైందని తర్వాత డ్రైవరు చెప్పాడు. ఆ కాల్ పరిశీలించి నాకు నూటికి నూరు మార్కులు వేశారు. తప్పు ఒక్కటీ లేదు. సార్ హాల్లో అందరికీ వినిపించి, కాల్ ఇలా తీసుకోవాలని చెప్పారు.

ఇదంతా ఆవిడకి చెప్పాను. ఏసీ వల్ల గొంతు పట్టేసిన సంగతి చెప్పలేదు. ఆవిడ "ఊఁ" అని కూడా అనలేదు. నేనే అన్నాను:

"ఒక్కోసారి నాకూ అడగాలనిపిస్తుందండీ. ఇక ఆపొచ్చా అని."

అంతలో కారు అద్దం మీద ధడేల్‌మని దెబ్బ పడింది. చూస్తే అద్దానికి అతుక్కుని అత్తయ్య మొహం! కెవ్వుమన్నాను. చేతిలోంచి ఫోన్ జారింది, దొరకబుచ్చుకుని కాల్ కట్ చేసి, కంగారులో ఫోన్ మొత్తం ఆపేశాను.

"ఎవడే వాడు?" అంది అత్తయ్య తలుపు తెరుచుకుని.

"వాడు కాదు అత్తయ్యా, ఆవిడ."

"ఆవిడా!"

ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. మనసు బాగోలేక ఒక డాక్టరులాంటావిడతో మాట్లాడుతున్నానని, ఆఫీసువాళ్ళే పెట్టారని. అత్తయ్య నెమ్మదిగా నా పక్క సీట్లో కూర్చుంది.

"మనసు బాగోకపోతే నాతో చెప్పకూడదూ?"

"మీ గురించే చెప్పాల్సి వస్తే?"

"అదీ నిజమే" అంది. కొంగు సర్దుకుని, "నా గురించి ఏం చెప్పావు?" అంది.

"ఏమీ చెప్పలేదు. మీ పేరు పెట్టుకుని మాట్లాడుతున్నాను, అంతే."

"నా పేరా! ఇంతకీ నాకేం జబ్బని చెప్పావే?"

ఇద్దరం నవ్వాం. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను, అది ఏడుపైంది. అత్తయ్య వీపు నిమిరింది. చాలాసేపు అలాగే కూర్చున్నాం. పైకి వెళ్ళి వంట చేసి, ఈయన వచ్చి, తినడం అయ్యాక ఫోన్ సంగతి గుర్తొచ్చి ఆన్ చేశాను. ఆవిడ నుంచి ఒకటే కాల్స్. ఒకటే మెసేజ్‌లు. "ఎక్కడున్నారు?" "ఒక్క మాట చెప్పండి చాలు."

"బాగానే ఉన్నాను. నెట్‌వర్క్ పోయింది" అని పంపాను.

"సంతోషం" అని వచ్చింది వెంటనే. ఇంతేనా? కోప్పడదా? ఎందుకు కోప్పడదు?

నేనన్నది ఉద్యోగం గురించి. ఆపడం అంటే ఉద్యోగం ఆపడం. ఉద్యోగం గురించే అన్నాను.

జూలై 1

పొద్దున్నే ఫిల్టరు దగ్గర చిలక పట్టుకుంది.

"నిన్న నాకు ఒక దొంగ కాల్ తగిలిందే. ఎవరో ఆడమనిషి. ఫలానా ఇంట్లో ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చుకుందేమో అంటూ ఒకటే ఏడుపు. బండి పంపాను. తీరా చూస్తే అక్కడ అలాంటావిడ లేనే లేదు. ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు."

"ఏ ఇల్లు?"

చెప్పింది.

"సిస్టంలో చూస్తే ఆ ఇంటికి పాత కాల్ ఉంది. నువ్వు తీసుకున్నదేనే! ఏప్రిల్‌లో. పాపం, భార్య పోయిన మనిషిని ఎవరో కావాలనే ఆటపట్టించారు. డ్రైవర్ చెప్పాడు, ఆయన తలుపు తీసి స్ట్రెచర్ చూసి, 'ఇంకెవరున్నారని వచ్చారు ఇక్కడికి?' అన్నాడట."

నేను గ్లాసు నింపుతూనే ఉన్నాను. నీళ్ళు చేతి మీద పొర్లుతున్నాయి.

"సార్‌కి మండిపోయింది. నంబరు తీసుకున్నారు. పోలీసులకి రాస్తారట, వదిలిపెట్టొద్దన్నారు" అంది చిలక. "ఏమైందే? మొహం అలా ఉందేం?"

"ఏసీ" అన్నాను.

తర్వాత

నోటికొచ్చిన అడ్రస్ అని రాశాను మొదటి రోజు. వెనక్కి తిరగేసి చూశాను, అలాగే రాసి ఉంది. నా నోటికి రావడానికి ఇంకే అడ్రస్సూ లేదా? ఎన్ని వేల అడ్రస్సులు విన్నాను! ఇంటి నంబరు, మెట్ల పక్క తలుపు, ఎదురుగా మూసేసిన షట్టరు, ఆయన చెప్పినవన్నీ చెప్పాను ఆవిడకి. చెప్తున్నప్పుడు అది ఎవరి ఇల్లో నాకు తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

తప్పుడు అడ్రస్ చెప్పినవాళ్ళని నేను ఎన్ని తిట్లు తిట్టానో! ఒక బండి అనవసరంగా వెళ్తే ఇంకెవరికో ఆలస్యమవుతుందని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని నేనే.

జూలై 3

ఆవిడ నా సంగతి చెప్పేస్తుంది. చెప్పక ఏం చేస్తుంది? పోలీసులంటే ఎవరికైనా భయమే. "నా తప్పేం లేదు, ఫలానా మనిషి తప్పుడు అడ్రస్ ఇచ్చింది" అంటే చాలు, తను బయటపడుతుంది. నేనైనా అదే చేస్తాను.

సార్ గాజు గదిలో ఫోన్ పట్టుకున్నప్పుడల్లా ఇటే చూస్తున్నారనిపిస్తోంది.

జూలై 4

ఈరోజు చెప్పలేదు.

జూలై 5

సార్ ఆ నంబరుకి ఫోన్ చేశారట, చిలక చెప్పింది. ఆవిడ ఎత్తి, "కాల్ చేసింది నేనే, అడ్రస్ తప్పుగా అందింది, బాధ్యత నాదే" అందట. ఎవరి కోసం చేశావంటే చెప్పనందట. ఎంత గద్దించినా చెప్పలేదట.

"తోడుదొంగ ఎవరో ఉండే ఉంటారు" అంది చిలక.

ఎందుకు చెప్పలేదు? దాచిపెట్టి తర్వాత వాడుకోవడానికా? ఏం వాడుకుంటుంది? నా దగ్గర ఏముంది?

జూలై 7

సెషన్. కారులో కాదు, మా పడకగదిలో కూర్చున్నాను. అత్తయ్య తనంతట తానే పొరుగింటికి వెళ్ళింది, వెళ్తూ "గట్టిగా మాట్లాడుకో" అంది.

ఆవిడ కళ్ళ కింద వాచింది. గొంతు మాత్రం అదే ఇస్త్రీ గొంతు.

"మీ గురించి కంగారుపడ్డాను" అంది.

"ఆ కాల్ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. మీరు నా సంగతి చెప్పలేదట."

"చెప్పలేదు."

"ఎందుకు?"

"ప్రాణానికి ముప్పుంటేనే చెప్పొచ్చు. మీరు బాగున్నానని మెసేజ్ పెట్టారు కదా. ఇక చెప్పే హక్కు నాకు లేదు."

"పోలీసులొస్తే?"

"వస్తే నేను చూసుకుంటాను. అది మీరు మొయ్యాల్సింది కాదు."

ఎంత సులువుగా అందో! నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచితనం ఎవరికైనా ఎందుకుంటుంది? నాచేత నిజం చెప్పించడానికి ఇదీ ఒక పద్ధతేనా అని మొహం మీదే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"మీరు చెప్పినా చెప్పకపోయినా లెటర్‌లో నేను రాసేది ఒకటే, సెషన్లకి వచ్చారని. మీ కుర్చీ నా చేతిలో లేదండీ. మొదట్నుంచీ లేదు" అంది. తర్వాత అడిగింది. "ఆ రోజు ఆపొచ్చా అన్నారు. అది ఉద్యోగం గురించేనా?"

"అవును."

ఫ్యాను టక్ టక్.

"ఏమో. అన్నీ కలిపే అనుంటాను" అన్నాను. "అలసిపోయానండీ. మా అత్తయ్య నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఫోన్ మోగితే పారిపోతున్నాను. నాకు భయంగా ఉంది."

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా రాయలేదు.

జూలై 8

సార్ గదిలోకి వెళ్ళి తలుపు నేనే వేశాను.

"ఆ దొంగ కాల్ నా గురించి వచ్చింది సార్. ఆవిడ కౌన్సెలర్. తప్పుడు అడ్రస్ ఇచ్చింది నేను."

సార్ ముందు అర్థం కానట్టు చూశారు. తర్వాత అర్థమైంది. పెన్ను కింద పెట్టారు.

"నీకు మతి ఉందా? ఆ ఇంటి అడ్రస్సా? ఇన్నేళ్ళ సర్వీసు ఉన్నదానివి, నువ్వా?"

"నేనే సార్."

"ఇది నేను పైకి రాయాలి. రాశాక ఆ కుర్చీ మళ్ళీ ఎప్పటికిస్తారో నాకే తెలియదు. అసలు ఇస్తారో లేదో. ఆలోచించుకునే చెప్తున్నావా?"

"రాయండి సార్. ఆవిడ మీద మాత్రం పోలీసులకి రాయకండి."

ఆయన చాలాసేపు కణతలు నొక్కుకున్నారు. "ఆవిడ కౌన్సెలరని ఒక్క ముక్క చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ కాల్‌లోనే సూటిగా అడిగినా చెప్పలేదు. కావాలంటే విను" అని కంప్యూటరు ఇటు తిప్పి, తన హెడ్‌సెట్ ఇచ్చారు. పెట్టుకున్నాను. చాలా రోజులైంది పెట్టుకుని.

ముందు చిలక గొంతు. తర్వాత ఆవిడది. పోల్చుకోలేకపోయాను. ఇస్త్రీ లేదు, ఏమీ లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. నోరు ఎండి నాలుక అతుక్కుంటోంది. గదిలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తోంది, చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది, దూరమవుతోంది. ఏళ్ళ తరబడి ఇవే విన్నాను నేను. అబద్ధం ఆడేవాళ్ళకి ఏడుపొస్తుంది కానీ ఈ ఊపిరి రాదు. అడ్రస్ చెప్పింది, మళ్ళీ చెప్పింది, రాసుకున్నారా అని మళ్ళీ అడిగింది.

"పేషెంటుకి మీరేమవుతారమ్మా?" అంది చిలక.

నడక ఆగింది.

"ఏమీ కాను."

"ఏమీ కాకపోతే మీకెలా తెలుసండీ?"

"ఆ అమ్మాయి నాతో మాట్లాడుతోందండీ. ఇప్పుడిప్పుడే మాట్లాడటం మొదలుపెట్టింది. త్వరగా పంపండి."

లైన్ పెట్టెయ్యలేదు ఆవిడ. బండి వెళ్ళేదాకా పట్టుకునే ఉంది. అక్కడ అలాంటివాళ్ళెవరూ లేరని చిలక చెప్తే, "అయితే ఇంకెక్కడో ఉందండీ. వెతకండి" అంది. లేరంటుంటే వినపడదా అని చిలక విసుక్కుంది. "వెతకండమ్మా" అంది మళ్ళీ.

హెడ్‌సెట్ తియ్యకుండానే ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను. గాజు గోడ అవతల హాలంతా కుర్చీలు ఇటు తిప్పి చూస్తోంది, చిలక లేచి నిలబడి మరీ చూస్తోంది. సార్ గాజు గోడకున్న పరదా దించబోయారు. అక్కర్లేదన్నాను. చూడనీ.